పది నుంచి పన్నెండు, చిత్రం చూసేవారికి మాత్రమే

ఫిబ్రవరి 14, విభూది బుధవారం

నుదుట బూడిద పెట్టించుకుని వచ్చాను. మట్టివి, మళ్ళీ మట్టిలోనే కలుస్తావు అని కుర్ర ఫాదర్ నా మొహం మీద అరిచాడు. ఎనభై రెండేళ్ళ దానికి ఈ కబురు అంత గట్టిగా చెప్పాలా? నా చెవులకేం రోగం లేదు. పాడైంది తుంటి.

ఈరోజు నుంచి ఈస్టర్ దాకా తపస్సు కాలం, ఏడు దీపాల మఠంలో మాటల గది మూత. తలుపు మీద ఎప్పటి బోర్డే ఉంది. నాకు కంఠతా వచ్చు.

బంధువులకు: నెలలో మొదటి ఆదివారం, సాయంత్రం నాలుగు నుంచి ఐదు. తపస్సు కాలంలోనూ, క్రిస్మస్ ముందు నాలుగు వారాల్లోనూ లేదు.

సందర్శకులకు: ప్రతిరోజూ పది నుంచి పన్నెండు, చిత్రం చూసేవారికి మాత్రమే.

అంటే గోడ మీది బొమ్మ కోసం టోక్యో నుంచి వచ్చినవాడికి రోజూ రెండు గంటలు. వీధి చివరి నుంచి వచ్చిన చెల్లెలికి నెలకొక గంట, అదీ ఊచలకు ఇవతల కూర్చుని. నలభై ఏళ్ళు లాటిన్ పాఠం చెప్పాను. రోమ్ నగరం ఇంతకంటే వంకర వాక్యం రాసినట్టు గుర్తులేదు.

ఈ నెల మొదటి ఆదివారం నాకు జ్వరం, వెళ్ళలేకపోయాను. కాబట్టి అక్కను చూడడం ఇక ఏప్రిల్ ఏడుకే.

ఫిబ్రవరి 17

అక్క మఠంలో చేరినప్పుడు దానికి ఇరవై మూడు, నాకు పద్దెనిమిది. ఎల్వీరా అనే పేరు గుమ్మం బయట విడిచిపెట్టి లోపలికి వెళ్ళి సిస్టర్ సెరాఫీనా అయింది. నేను మాత్రం ఊచల ఇవతల నుంచి ఎల్వీరా అనే పిలుస్తాను. అది మాత్రం, సిస్టర్ సెరాఫీనా ఇక్కడే ఉంది, ఆ రెండో ఆవిడెవరో కనుక్కుని చెప్తాను అంటుంది. మా ఇంట్లో నాలుక పదును అందరికీ సమానంగా పంచారు.

లోపలివాళ్ళు బయటికి రాకూడదు. ఓటు వేయడానికి మాత్రం రావచ్చు. అందుకని ఈ దేశంలో ప్రభుత్వం పడిపోయినప్పుడల్లా వీధి వీధంతా తిట్టుకుంటూ ఉంటే నేనొక్కదాన్నే వెళ్ళి కొత్త మేజోళ్ళు కొనుక్కునేదాన్ని. పోలింగు మా బడిలోనే. క్యూలో అక్క నా మోచెయ్యి పట్టుకుని నిలబడేది. క్యూ పెద్దదిగా ఉండాలని దేవుడికి మొక్కుకున్న ఓటరు ఈ నగరంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఎవరికి వేశావే అంటే చెప్పేది కాదు. వాళ్ళు ఏడాది తిరక్కుండా పడిపోవాలని మాత్రం ఇద్దరం కోరుకునేవాళ్ళం, పడిపోయేవారు కూడా.

అక్క మోకాళ్ళు పోయాక ఓటు మానేసింది. ప్రజాస్వామ్యం మీద నా ఆసక్తి కూడా ఆ ఏడాదే తగ్గింది.

ఫిబ్రవరి 19

ఈరోజు బుద్ధి వచ్చింది. ఇన్నేళ్ళు ఎందుకు రాలేదో!

పదింటికి వెళ్ళి, సందర్శకురాలిలా గంట కొట్టాను. తలుపు దగ్గరి సిస్టర్ పెర్పెతువా మడగాస్కర్ ఆవిడ, బయటి పనులన్నీ ఆవిడవే. నన్ను చూసి, ప్రొఫెసరమ్మగారూ ఇవాళ సోమవారం కదా, పైగా తపస్సు కాలం, మతిగానీ పోయిందా అంది. చిత్రం చూడటానికి వచ్చానమ్మా అన్నాను. ఆవిడ నన్నూ, బోర్డునూ మార్చి మార్చి చూసింది. బోర్డులో చెల్లెళ్ళు చిత్రం చూడకూడదని లేదు.

గోడచిత్రం బైబిల్లోని కానా ఊరి పెళ్ళి, ఏసు నీళ్ళను ద్రాక్షారసం చేయబోయే ముందు. ద్రాక్షారసం అయిపోయి అందరి మొహాలూ వేలాడుతున్నాయి. బల్ల కింద ఒక పిల్లి. గీసినవాడి పేరు తెలియదు. పిల్లి తప్ప మిగతాది చూస్తే తెలియవలసిన అవసరం కూడా లేదు. కానీ ఆ గదికి కుడి గోడలో ఒక చెక్క జాలీ ఉంది. జాలీ వెనక లోపలివాళ్ళ ప్రార్థన గది. పన్నెండింటికి వాళ్ళు అక్కడికి వచ్చి పాడతారు. పన్నెండుకు ముందే పెర్పెతువా తాళాలు గలగలలాడిస్తూ మమ్మల్ని బయటికి తోలుతుంది.

ఈరోజు ఒక డచ్చి జంట కెమెరా విషయంలో పోట్లాడుకుంటూ గదిలోంచి కదల్లేదు. వాళ్ళ కాపురం చల్లగా ఉండాలి. వాళ్ళ పుణ్యమా అని ఒక చరణం విన్నాను. అక్క గొంతు. చిన్నప్పటిలాగే అందరికంటే ఒక అక్షరం ముందు పరిగెడుతోంది. కీర్తన ముగించి ఎక్కడికి వెళ్ళాలో దానికి!

ఫిబ్రవరి 23

డచ్చివాళ్ళు రోజూ దొరకరు. అందుకని నేనే ఒక ఏర్పాటు చేసుకున్నాను.

పన్నెండు కావస్తుండగా ఎవరో ఒకరిని పట్టుకుని చిత్రం గురించి చెప్పడం మొదలుపెడతాను. ఈరోజు బవేరియా నుంచి పదకొండు మంది. పిల్లితో మొదలుపెట్టి, పిల్లులను గురించి పూర్వులు ఏమన్నారో, మట్టికూజాలు ఎక్కడ కాల్చేవారో, పెళ్ళికూతురు ఎందుకు అటు తిరిగి ఉందో అన్నీ చెప్పాను. సగం నిజం, సగం అప్పటికప్పుడు తట్టింది. జర్మన్లు పాఠం మధ్యలో లేచి వెళ్ళరు, అది వాళ్ళ గొప్ప గుణం. పెర్పెతువా గుమ్మంలో నిలబడి తాళాలు ఊపుతూనే ఉంది. రెండు కీర్తనలు పూర్తిగా వినిపించాయి.

బయటికి వస్తుంటే ఆవిడ నా చెవిలో, ప్రొఫెసరమ్మా నా ఉద్యోగానికి ఎసరు పెడుతున్నారు మీరు అంది. మళ్ళీ తనే, ఉద్యోగమా పాడా, జీతముంటే కదా అని నవ్వింది.

మార్చి 1

మూడు కీర్తనలు.

మార్చి 4

నా మనవరాలు లవీనియా ఒక వెబ్‌సైట్‌లో పని చేస్తుంది. రోమ్‌కు వచ్చేవాళ్ళకు ఏది ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు, పొద్దున ఏది చూసి మధ్యాహ్నం ఎక్కడికి పోవాలి, ఇవన్నీ రాస్తుంది. తను మాత్రం పొద్దున పదకొండు దాకా లేవదు.

ఈరోజు ఫోన్‌లో ముద్దు చేస్తూ, నానమ్మా నిన్ను ఫేమస్ చేశాను తెలుసా అంది. నాకు అప్పుడే భయం వేసింది. ఏడు దీపాల మఠం పేజీలో రాసిందట: పన్నెండుకు కాస్త ముందు వెళ్ళండి, ఒక ముసలావిడ ఉచితంగా పాఠం చెబుతుంది, ఆ వెంటనే లోపలి సన్యాసినుల గానం వినిపిస్తుంది, ఎక్కడా దొరకని అనుభవం. నాలుగున్నర నక్షత్రాలు. ఆ సగం ఎవరు కోసేశారో! ముసలావిడ కాస్త కఠినంగా మాట్లాడుతుంది అని ఎవరో రాశారట.

తీసెయ్యవే తల్లీ అన్నాను. అదేంటి నానమ్మా, ఇంతకుముందు ఆ పేజీ నెలకు నలుగురు చూసేవాళ్ళు అంది.

మార్చి 6

ఈరోజు చిత్రం గదిలో నలభై మందికి తక్కువ లేరు. పదింటికి ఎవరూ రాలేదు, అంతా పన్నెండు ముందే వచ్చారు. ఒకడు జాలీకి ఫోన్ ఆనించి రికార్డు చేశాడు. లోపల పాట మధ్యలో ఆగిపోయింది. అందరి గొంతులూ ఆగాక ఒక గొంతు మాత్రం ఇంకో అక్షరం పాడి ఆగింది.

మార్చి 7

బోర్డు మార్చారు. పది నుంచి పదకొండున్నర.

మార్చి 8

లవీనియా వెబ్‌సైట్‌లో కూడా మార్చింది. అలాంటివాటిలో చాలా జాగ్రత్త పిల్ల.

మార్చి 12

పదింటికి వెళ్ళాను. ఇక పాట లేదు కాబట్టి ఊరికే ఆ గదిలో కూర్చోవడానికి. అక్కడ ఉన్నప్పుడు మా మధ్య ఉన్నది ఒక్క గోడ, ఇంట్లో ఉంటే వీధి మొత్తం.

పెర్పెతువా కళ్ళు ఉబ్బి ఉన్నాయి. జలుబా అన్నాను. కాదు అంది. మఠం మూసేస్తున్నారట. చలికాలంలో ఇద్దరు పోయారు, లోపల మదర్‌తో కలిపి ఇక నలుగురే మిగిలారు. నలుగురుంటే మఠం కింద లెక్క కాదట. పైవాళ్ళు నిర్ణయించేశారు. ఈస్టర్ కాగానే ఉత్తరాన, ఆస్ట్రియా సరిహద్దు కొండల్లో ఉన్న మఠానికి పంపేస్తారు. ఏ తేదీన అన్నాను. ఏప్రిల్ మూడో తేదీ, బుధవారం అంది.

బంధువుల ఆదివారం ఏడో తేదీ.

నేను బోర్డు వైపు చూశాను. ఆవిడ కూడా చూసింది. ఆ తర్వాత ఆవిడ, ప్రొఫెసరమ్మా కాస్త కూర్చోండి, మీ మొహం ఏమీ బాగాలేదు అంది. మొహం ఎప్పుడూ ఇంతే అన్నాను. కూర్చున్నాను.

మార్చి 13

ఆ ఊరికి రైల్లో ఆరు గంటలు, ఆ పైన బస్సు. తుంటి చూసే డాక్టరు గంటకు మించి కూర్చోవద్దన్నాడు. అంటే నాకు తెలిసినంతలో ఇక అక్కను చూడడానికి ఉన్న రోజులు ఈరోజుకూ మూడో తేదీకీ మధ్యవి మాత్రమే. ఆ రోజులు దాదాపు అన్నీ తపస్సు కాలం, మిగిలిన రెండు మూడింటిలో మొదటి ఆదివారం లేదు.

మార్చి 15

మఠం మదర్‌కు కబురు పెట్టాను. కాగితం మీద కాదు. కాగితమైతే ఆవిడ నెల ఆలోచిస్తుంది. లోపలివాళ్ళకు వస్తువులు అందించే, గోడలోని తిరుగుడు పెట్టె దగ్గర నిలబడి పెర్పెతువాకు నోటితో చెప్పాను, ఆవిడ లోపలికి వెళ్ళి చెప్పింది. ఒక్క పావుగంట. ఊచల వెనక నుంచే. తపస్సు కాలమైనా సరే, ఇది చివరిసారి కాబట్టి.

జవాబు తొందరగానే వచ్చింది. మదర్ సరే అన్నారట. నియమం నియమమే కానీ ఇలాంటప్పుడు దేవుడు కూడా అటు తిరుగుతాడు అన్నారట.

ఒప్పుకోనిది మా అక్క.

పెర్పెతువా తల దించుకుని చెప్పింది. సిస్టర్ సెరాఫీనా ఇలా అన్నారు ప్రొఫెసరమ్మా, నేను కల్పించింది కాదు: ఏసుప్రభువు నలభై రోజులు ఎడారిలో ఉన్నాడు, మా చెల్లెలు నలభై రోజులు వీధి చివర ఉండలేదా? అరవై నాలుగేళ్ళు తప్పని నియమం వెళ్ళిపోయే ముందు తప్పమంటుందా? దాని నాలుకను కూడా కాస్త తపస్సులో పెట్టమనండి.

పెట్టె ఇవతల నుంచి అరిచాను. గాడిదా, నీకు ఎనభై ఏడేళ్ళే, నాకు ఎనభై రెండు, మన దగ్గర నలభై రోజులు దండిగా ఉన్నాయనుకుంటున్నావా అని. వెనక నిలబడ్డ కొరియా అమ్మాయి రెండడుగులు జరిగింది.

లోపల వినిపించే ఉంటుంది. ఆ గోడలు పాట ఆపుతాయేమో కానీ తిట్టు ఆపవు.

మార్చి 19

సెయింట్ జోసెఫ్ పండుగ. క్రీము నింపిన వేపుడు ఉండలు ఒక డబ్బా తిరుగుడు పెట్టెలో పెట్టి పంపాను. ఖాళీ డబ్బా కడిగి పంపారు. తినడానికి మాత్రం తపస్సు అడ్డం రాలేదు.

మార్చి 24, మ్రానికొమ్మల ఆదివారం

బోర్డు మీద కాగితం అంటించారు. చిత్రం చూడటం కూడా బంద్. సామాను సర్దుతున్నారు. ఇక సందర్శకురాలిగా కూడా నాకు చోటు లేదు.

ఎదురుగా అర్దువీనో బార్‌లో నిలబడి కాఫీ తాగాను. వాడు నా విద్యార్థే, లాటిన్‌లో మూడుసార్లు తప్పాడు. ప్రొఫెసరమ్మా, మీరొచ్చి రోజూ ఇలా ఆ తలుపును చూస్తుంటే ఏదో ఒకరోజు అదే జాలిపడి తెరుచుకుంటుంది అన్నాడు. ఆ జాలి నీ మార్కుల మీద నేను చూపించి ఉంటే నువ్వు ఈపాటికి మంత్రివి అయ్యేవాడివి అన్నాను. మంత్రినైతే ఈపాటికి పడిపోయి ఉండేవాణ్ణి అన్నాడు. కాఫీకి డబ్బులు తీసుకోలేదు.

మార్చి 31, ఈస్టర్

వేసవి కోసం దేశమంతా గడియారాలు గంట ముందుకు జరిపే రోజు కూడా ఇదే వచ్చింది. క్రీస్తు లేచాడు, ఒక గంట నిద్ర తక్కువతో లేచి ఉంటాడు.

ఇల్లంతా తిరిగి నాలుగు గడియారాలు జరిపాను. లవీనియా వచ్చి గొర్రెమాంసం తిని, వంటగది మధ్య నిలబడి ఫోన్‌లో తన వెబ్‌సైట్‌లోని వేసవి వేళలన్నీ సరిచూసుకుంది. ఆ మఠం పేజీ ఏం చేయను నానమ్మా అని అడిగింది. ఉంచు అన్నాను.

మఠంలో గడియారాలు జరపరు. సూర్యుడు చట్టసభకు లోబడడు అని వందేళ్ళ కిందట ఎవరో మదర్ అన్నదట. అప్పటి నుంచి వేసవి అంతా లోపల ఒక గంట వెనక. లోపలి ఏడు మనకు ఎనిమిది. ఈ వీధిలో ఈ లెక్క తప్పనిది నేనొక్కదాన్నే. వేసవిలో బంధువుల ఆదివారం నాడు మిగతావాళ్ళందరూ నాలుగింటికి వచ్చి మూసిన తలుపు ముందు విసనకర్రలతో విసురుకుంటూ నిలబడేవారు. నేను ఐదింటికి వెళ్ళి నేరుగా లోపలికి నడిచేదాన్ని. కాస్త గర్వంగానే నడిచేదాన్ని.

ఏప్రిల్ 1, ఈస్టర్ సోమవారం

తిరుగుడు పెట్టె దగ్గరికి పెర్పెతువా పిలిపించింది. అక్క దగ్గరి నుంచి కబురు. ఈసారి అక్షరం పొల్లుపోకుండా చెప్పమందట.

బుధవారం పొద్దున ఏడింటికి బయలుదేరుతున్నాం. గుమ్మం లోపల ఈ మఠం నియమం. వ్యాను ఎక్కాక ఆ మఠం నియమం. గుమ్మానికీ వ్యానుకీ మధ్య ఐదారు అడుగుల దూరం ఉంటుంది. అక్కడ ఏ నియమమూ లేదని మదర్‌ను అడిగి తెలుసుకున్నాను. అక్కడ ఊచలు కూడా లేవు. ఆ ఐదారు అడుగులు నేను చాలా మెల్లగా నడవగలను, మోకాళ్ళు బాగాలేవు కదా. మా చెల్లెలు ఒర్తెన్సియాను రమ్మనండి.

తపస్సు కాలమంతా ఇదా అది ఆలోచిస్తూ కూర్చుంది!

గాడిద అన్నందుకు క్షమించమని చెప్పు అన్నాను. పెర్పెతువా లోపలికి వెళ్ళి వచ్చి, క్షమించారట, కానీ మరిచిపోలేదట అంది.

ఏప్రిల్ 2

ఆకుపచ్చ కోటు ఇస్త్రీ చేశాను. లోపలి ఏడు, అంటే ఎనిమిది. ఏడున్నరకు బయలుదేరితే తీరిగ్గా చేరుకుంటాను.

ఏప్రిల్ 3, పొద్దున

ఆరింటికే లేచాను. తల స్నానం. జుట్టుకు పిన్నులు. ఏడు దాటాక ఫోన్ మోగింది. రెండు చేతులూ జుట్టులో ఉన్నాయి. ఈవేళప్పుడు ఎవరు, లవీనియా అయి ఉంటుంది, రాత్రంతా నిద్రపోకుండా ఎక్కడో ఉండి ఉంటుంది అనుకున్నాను. మళ్ళీ మోగింది. పెదాలకు రంగు వేసుకుంటున్నాను. ఇరవై ఏళ్ళ తర్వాత.

బయలుదేరుతున్నాను.

ఏప్రిల్ 3, మధ్యాహ్నం

వెళ్ళేసరికి మఠం ముందు ఎవరూ లేరు. ఇంకా ముందే వచ్చాననుకుని సంతోషించాను. గోడకు ఆనుకుని నిలబడ్డాను.

అర్దువీనో బార్‌లోంచి తువ్వాలు భుజాన వేసుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎక్కడికి పోయారు ప్రొఫెసరమ్మా, మీకు రెండుసార్లు ఫోన్ చేశాను, ఎందుకు ఎత్తలేదు అన్నాడు. నేను అప్పటికీ అర్థం చేసుకోలేదు. ఏమైందిరా, వ్యాను ఇంకా రాలేదేం అన్నాను. వాడు నా వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. పరీక్షలో తెలియని ప్రశ్న వచ్చినప్పుడు కూడా వాడు అలా చూడలేదు.

వ్యాను ఏడింటికి వచ్చింది. మన ఏడుకు.

వాడు చెప్పిందంతా వాడి మాటల్లోనే రాస్తాను, లేకపోతే రేపటికి నేనే మార్చేసుకుంటాను. ముగ్గురు సిస్టర్లు ఎక్కి కూర్చున్నారు. ఆ పొడుగాటి ముసలి సిస్టర్ మాత్రం మెట్టు దిగి కాలిబాట మీద నిలబడిపోయింది. మీ ఇంటి మలుపు వైపే చూస్తోంది ప్రొఫెసరమ్మా. డ్రైవర్ హారన్ కొట్టాడు. మదర్ దిగి వచ్చి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. నేను కుర్చీ తెచ్చి వేశాను. కూర్చోనయ్యా, కూర్చుంటే లేవలేను, అది వచ్చేసరికి నిలబడి ఉండాలి అంది. ఇంటికి వెళ్ళి పిలుచుకు రమ్మంటారా అన్నాను. బార్‌లో జనం నిండి ఉన్నారు, నేనొక్కణ్ణే, అయినా అడిగాను. వద్దులే, అది ఎప్పుడూ ఆలస్యంగా రాదు, వస్తుంది అంది. నేనే ఆగలేక ఫోన్ చేశాను. ఇంకోసారి చేశాను. డ్రైవర్ దిగి వచ్చి, అమ్మా రైలు తప్పిపోతుంది అన్నాడు. అప్పుడు నా వైపు తిరిగి, అది బాగానే ఉంది కదా, ఈమధ్య చూశావా అని అడిగింది. రోజూ చూస్తున్నాను, రాయిలా ఉంది, నన్ను రోజూ తిడుతుంది అన్నాను. అయితే సరే అని ఎక్కింది.

వాడు నన్ను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. ఏమీ జోకు వేయలేదు. అందువల్ల నాకు భయం వేసింది.

తాళాలు అప్పగించే పనికి పెర్పెతువా ఒక్కతే ఇంకా ఉంది. గంట కొడితే వచ్చింది. ఏడంటే లోపలి ఏడు కదా అన్నాను. ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యో ప్రొఫెసరమ్మా, వ్యాను బయటిది, రైలు బయటిది, మీరు బయటివారు. బయటి గంటే చెప్పాం. సిస్టర్ సెరాఫీనా అయితే పదే పదే అన్నారు, మన లెక్క చెబితే అది తికమకపడుతుంది, పాపం దానికి దాని లెక్కే చెప్పండి అని.

అరవై నాలుగేళ్ళలో మొదటిసారి అది నా గడియారానికి వచ్చింది. నేను దాని గడియారానికి వెళ్ళాను.

వేళలు తెలియని ఏ టూరిస్టయినా సరిగ్గా వచ్చి ఉండేవాడు.

ఏప్రిల్ 4

పిన్నులు తీయలేదు.

ఏప్రిల్ 7, మొదటి ఆదివారం

నాలుగు అయింది. ఐదు అయింది. ఎక్కడికీ వెళ్ళలేదు.

మే 9

కొండల మఠానికి ఫోన్ చేశాను. అక్కడ ఫోన్ ఎత్తే ఆవిడ జర్మన్ యాసలో, మర్యాదగా, నెమ్మదిగా మాట్లాడింది. సిస్టర్ సెరాఫీనా బాగున్నారు. ఫోన్‌కు రారు. బంధువులకు ఆదివారాలు, మధ్యాహ్నం రెండు నుంచి మూడు. నాకు ఒక్కసారి ఆశ పుట్టింది, ప్రతి ఆదివారమా అన్నాను. ప్రతి ఆదివారమూ అంది. లవీనియాను పక్కన కూర్చోబెట్టుకుని బస్సులు చూడమన్నాను. ఆదివారం ఆ ఊరికి బస్సు లేదు.

కారు ఉన్న స్నేహితుణ్ణి వెతుకుతాను నానమ్మా, సెప్టెంబరులో తప్పకుండా అంది. దాని కళ్ళలో నీళ్ళు. పన్నెండింటి పాట గురించి రాసింది తనే కదా అని దాని బాధ. నువ్వు రాసింది నిజమే కదే, పాట వినిపించేది, ముసలావిడ కఠినంగా మాట్లాడేది అన్నాను. ఓదార్చడం నాకు చేతకాదు.

అక్కకు ఏమన్నా చెప్పమంటారా అని ఫోన్ పెట్టేసే ముందు మఠం ఆవిడ అడిగింది. లెక్క తప్పాను అని చెప్పమన్నాను. అంతేనా అంది. దానికి అర్థమవుతుంది అన్నాను. అవుతుందో లేదో.

జూన్ 20

ఏడు దీపాల మఠం మళ్ళీ తెరిచారు. ఏదో సంస్థ తీసుకుంది. కొత్త బోర్డు, గాజుది. తొమ్మిది నుంచి ఏడు వరకు, సోమవారం సెలవు. చిత్రం మాత్రమే కాదు; లోపలి తోట, భోజనశాల, ప్రార్థన గది, సన్యాసినుల గదులు, అన్నీ. చెవులకు తగిలించుకునే యంత్రం కూడా ఇస్తున్నారు, ఆరు భాషలు.

టికెట్ కొన్నాను. నన్ను ఎవరూ ఆపలేదు. అరవై నాలుగేళ్ళు దాటని లోపలి గుమ్మాన్ని చేతిలో చిన్న కాగితం ముక్కతో దాటాను.

మేడ మీద నాలుగో గది అక్కదట. పెర్పెతువా వెళ్ళిపోయే ముందు చెప్పింది. గైడు అమ్మాయి గుమ్మంలో నిలబడి, ఇక్కడ అద్దం ఉండదు గమనించండి, వీరు లోకాన్ని పూర్తిగా మరిచిపోయేవారు అని చెబుతోంది. మామూలుగా అయితే దాని మాట అక్కడే సరిచేసేదాన్ని. అందరూ వెళ్ళాక లోపలికి వెళ్ళాను. ఒక కిటికీ, ఒక పీట, ఒక మంచం.

మంచం చాలా పొట్టిది. నాకే సరిపోదు. అక్క నాకంటే జానెడు పొడుగు. అంటే అన్నేళ్ళూ కాళ్ళు ముడుచుకుని పడుకుంది. నెలనెలా గంటసేపు ఊచల ఇవతల కూర్చుని నా తుంటి నొప్పి గురించి చెప్పుకునేదాన్ని. ఒక్కసారి కూడా ఇది చెప్పలేదు.

కూర్చున్నాను. కాపలావాడు వచ్చి, సిన్యోరా, ప్రదర్శనలో ఉన్న వస్తువుల మీద కూర్చోకూడదండీ అన్నాడు. మంచివాడే. చెయ్యి అందించి లేపాడు. ఏడింటి దాకా తెరిచే ఉంటుంది, ఎంతసేపైనా చూడొచ్చు, కూర్చోకుండా అన్నాడు.

జూన్ 23

లవీనియా తన వెబ్‌సైట్‌లో అక్క ఉన్న కొండ ఊరి పేజీ చూపించింది. ఊరి పేరు, ఎత్తు, బస్సు. చూడవలసినవి అన్నచోట ఏమీ లేదు. నువ్వు రాస్తావా నానమ్మా అంటూ కంప్యూటర్ నా ముందుకు జరిపింది. ఇది రాశాను:

చూడవలసినవి: ఒకటి. టికెట్ లేదు. వేళలు కనుక్కోనక్కరలేదు. అటువైపు వెళ్ళేవారు ఎవరైనా, ఉందో లేదో చూసి వచ్చి చెబితే చాలు.